పట్టాల మీది మనిషి

మన దినపత్రికల జిల్లా పేజీల్లో, అడుగున ఎక్కడో, తరచు కనిపించే వార్త ఒకటుంది: రైలు కింద పడి గుర్తు తెలియని వ్యక్తి మృతి. నాలుగు పంక్తులకు మించదు. వయసు సుమారుగా ఇస్తారు, చొక్కా రంగు చెబుతారు, శవాన్ని ప్రభుత్వాసుపత్రికి తరలించారని ముగిస్తారు. భాషతో పనిచేసేవాళ్ళం కనుక ఈ వాక్యాన్ని కాస్త ఆపి చూడమని నా మనవి. ఇందులో కర్త ఎవరు? పడినవాడు. రైలు ఏమీ చేయలేదు, తన దారిన తాను పోతున్నది. లారీ కింద పడి చనిపోయాడనీ రాస్తాం. కాని ఆ వార్తకు డ్రైవరు మీద కేసు నమోదయిందన్న రెండో వాక్యం ఉంటుంది. రైలు వార్తకు ఆ రెండో వాక్యం ఉండదు. విచారణ మొదలుకాకుండానే వ్యాకరణం తీర్పు చెప్పేసింది.

ఈ తీర్పు భాషలోకి ఊరికే రాలేదు. దీని వెనక చట్టం ఉంది, చట్టం వెనక ఆస్తి ఉంది. పట్టాలున్న నేల రైల్వేది. అనుమతి లేకుండా ఆ నేల మీద కాలు మోపినవాడు అక్రమంగా ప్రవేశించినవాడు. అలాంటివాడికి జరిగే హానికి బాధ్యత ఎవరిది? నూట యాభై ఏళ్ళుగా ఇంగ్లండు, అమెరికా, మన దేశం కోర్టుల్లో ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. న్యాయశాస్త్ర విద్యార్థులు దీన్ని ఒక సిద్ధాంత పరిణామంగా చదువుకుంటారు. సాహిత్య విద్యార్థులు కూడా చదవవలసిన చరిత్ర ఇది అని నా అభిప్రాయం. ఎందుకంటే చావు ఎలా జరిగిందన్న దానికన్నా, చచ్చిన మనిషిని ఏ పేరుతో పిలవాలన్న దాని మీదే ఇందులో తగాదా అంతా నడిచింది.

రైలు పట్టాల మీద నిలబడి చనిపోయినవాళ్ళలో లోకమంతటికీ తెలిసిన మొదటి మనిషి పేదవాడు కాదు. 1830 సెప్టెంబరు 15న ఇంగ్లండులో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుమార్గాన్ని ప్రారంభించారు. ప్రధానమంత్రి వెల్లింగ్టన్ ప్రభువు స్వయంగా వచ్చాడు. ఇంజనుకు నీళ్ళు పట్టడానికి పార్క్‌సైడ్ దగ్గర బండి ఆగింది. పెట్టెలు దిగవద్దని ముందే హెచ్చరించి ఉన్నా చాలామంది పెద్దమనుషులు దిగి పట్టాల మీద పచార్లు చేశారు. వాళ్ళలో లివర్‌పూల్ పార్లమెంటు సభ్యుడు, మాజీ మంత్రి విలియం హస్కిసన్ ఒకడు. ప్రధానితో చేయి కలపడానికి వెళ్ళిన ఆయన, పక్క పట్టాల మీద వస్తున్న 'రాకెట్' ఇంజనుకు చిక్కి ఆ రాత్రి చనిపోయాడు. ఆ చోట స్మారక ఫలకం పెట్టారు. ఆయన ఆహ్వానం మీద వచ్చిన అతిథి, నిజమే. కాని దిగవద్దన్న చోట దిగినవాడు కూడా. ఆ రెండో సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

అప్పటి ఇంగ్లీషు చట్టంలో ఒక పాత ఆచారం ఉండేది. దాని పేరు 'డియోడాండ్'. దేవుడికి ఇవ్వవలసినది అని ఆ లాటిన్ మాటకు అర్థం. మనిషి చావుకు కారణమైన వస్తువు ఎద్దు కానివ్వండి, బండి చక్రం కానివ్వండి, దాని విలువ రాజుకు జప్తయ్యేది. విలువ కట్టేది శవ విచారణ జరిపే జ్యూరీ. అంటే ఊళ్ళోవాళ్ళే. మధ్యయుగాల మూఢనమ్మకం అని మనం నవ్వుకోవచ్చు. కాని రైళ్ళు వచ్చాక ఈ మూఢనమ్మకానికి కొత్త పదును వచ్చింది. 1841 డిసెంబరు 24న సోనింగ్ దగ్గర, కొండను తవ్వి వేసిన దారిలో మట్టిపెళ్ళలు విరిగిపడి రైలు పట్టాలు తప్పింది. పైకప్పు లేని మూడో తరగతి బండ్లలో క్రిస్మసుకు ఇళ్ళకు పోతున్న పనివాళ్ళు తొమ్మిదిమంది చనిపోయారు. ఇంజను మీదా బండ్ల మీదా జ్యూరీ 1000 పౌన్లు డియోడాండ్ వేసింది. ఆ సొమ్ము చనిపోయినవాళ్ళ ఇళ్ళకు చేరదు, చేరవలసినది ఖజానాకు. అయినా ఆ జ్యూరీవాళ్ళు ఒక మాట అనగలిగారు: దోషి ఇంజను, దాని వెనక కంపెనీ. కంపెనీలకు ఈ మాట కంటగింపు కాకుండా ఎలా ఉంటుంది? 1846లో పార్లమెంటు డియోడాండ్‌ను రద్దు చేసింది. అదే ఏడాది, ఇతరుల తప్పు వల్ల చనిపోయినవాడి కుటుంబం పరిహారానికి దావా వేసుకునే హక్కునిస్తూ మరో చట్టం చేసింది. మన దేశానికి ఆ హక్కు 1855లో 13వ చట్టంగా వచ్చింది. ఇది ముందడుగే, కాదనను. కాని ఈ మార్పులో ఒక సంగతి మరుగున పడింది. పాత పద్ధతిలో ఇంజను చంపితే చాలు, లెక్క చెప్పవలసిందే. కొత్త పద్ధతిలో చనిపోయినవాడి మనుషులు కోర్టుకు వెళ్ళి కంపెనీ తన కర్తవ్యం తప్పిందని రుజువు చేయాలి. అసలు కర్తవ్యమే లేదంటే?

పట్టాల మీది మనిషి విషయంలో కోర్టులు అన్నది సరిగ్గా అదే. పిలవకుండా వచ్చినవాడి పట్ల నేల యజమానికి ఏ కర్తవ్యమూ లేదు, వాడిని కావాలని గాయపరచకుండా ఉంటే చాలు. ఈ సూత్రానికి నికార్సయిన రూపం 1929లో బ్రిటిష్ ప్రభువుల సభ తీర్పులో దొరికింది. స్కాట్లండులో ఒక బొగ్గుగని కంపెనీ పొలంలో బొగ్గు లాగే యంత్రం ఉంది. పిల్లలు అక్కడ ఆడుకునేవారు, పనివాళ్ళు తరుముతుండేవారు. నాలుగేళ్ళ పిల్లవాడు ఆ యంత్రపు చక్రంలో పడి చనిపోయాడు. పిల్లవాడు అక్రమ ప్రవేశకుడు, కంపెనీకి బాధ్యత లేదు అన్నారు ప్రభువులు. నాలుగేళ్ళ వయసులో 'అక్రమం' అంటే ఏమిటో తెలిసే అవకాశం లేదు కదా అన్న ఆలోచన ఆ తీర్పును కదిలించలేకపోయింది.

పిల్లల విషయంలో అమెరికా కోర్టులు ఇంతకన్నా ముందే మెత్తబడ్డాయి. నెబ్రాస్కా రాష్ట్రంలోని బ్లెయిర్ ఊళ్ళో, ఇంజన్లను వెనక్కి తిప్పే 'టర్న్‌టేబుల్' ఉండేది. ఇంజను నిలిపి గుండ్రంగా తిప్పే వేదిక అది. తాళం లేదు, కాపలా లేదు. పిల్లలకు అంతకన్నా మంచి రంగులరాట్నం ఏముంటుంది? 1869లో ఆరేళ్ళ పిల్లవాడి పాదం అందులో నలిగిపోయింది. జ్యూరీ 7,500 డాలర్లు ఇప్పించింది, 1873లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. పిల్లలను ఆకర్షించే ప్రమాదకరమైన వస్తువును కాపలా లేకుండా వదిలినవాడు, పిల్లవాడు పిలవకుండా వచ్చాడని తప్పించుకోలేడన్న సిద్ధాంతం అక్కడినుంచి పెరిగింది.

పెద్దవాళ్ళకు ఆ దయ దక్కలేదు. 1934 జూలైలో, ఆర్థిక మాంద్యపు రోజుల్లో, పెన్సిల్వేనియాలోని హ్యూస్‌టౌన్‌లో ఉద్యోగం లేని ఒక పనివాడు రాత్రివేళ ఇంటికి నడిచి వెళుతున్నాడు. రైలు పట్టాల పక్కనే జనం నడిచి నడిచి గట్టిపడిన బాట అది. వెళుతున్న గూడ్సు బండి నుంచి తలుపులాంటిదేదో పొడుచుకు వచ్చి అతన్ని కొట్టింది. కుడిచేయి తెగిపోయింది. ఆ రాష్ట్రపు చట్టంలో ఒక సూక్ష్మమైన భేదం ఉంది. జనానికి అలవాటైన బాటలో పట్టాలను అడ్డంగా దాటేవాడి పట్ల రైల్వేకు జాగ్రత్త వహించే కర్తవ్యం ఉంటుంది. పట్టాల వెంట పొడుగునా నడిచేవాడు మాత్రం అక్రమ ప్రవేశకుడు. అతని న్యాయవాదులు ఈ భేదాన్ని తప్పించుకోవడానికి న్యూయార్కు ఫెడరల్ కోర్టులో దావా వేశారు, 30,000 డాలర్లు గెలిచారు. 1938లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రాష్ట్రపు చట్టమే వర్తిస్తుందన్నది. ఎరీ రైల్‌రోడ్ కేసుగా ఇది అమెరికా న్యాయ విద్యార్థులందరికీ కంఠోపాఠం. ఫెడరల్ కోర్టుల అధికార పరిధికి ఇది మూలస్తంభమట. తెగిన చేయి మాత్రం పాఠంలో మొదటి పేరాతో సరి.

ఇంగ్లండులో మార్పు రావడానికి 1972 దాకా పట్టింది. లండన్‌కు దక్షిణాన మిచమ్ దగ్గర విద్యుత్ రైలుమార్గం ఒకటి, జనం తిరిగే పచ్చికబయలు పక్కనుంచి పోతుంది. కంచె ఒకచోట నేలకు వంగిపోయింది, దాని మీదుగా అడుగుల బాట పడింది. పిల్లలు లైను మీదికి వస్తున్నారని స్టేషన్ మాస్టరుకు కబురు కూడా అందింది. బాగు చేయలేదు. 1965 జూన్‌లో ఆరేళ్ళ పిల్లవాడు ఆ కంచె దాటి, కరెంటు ఉన్న పట్టా తగిలి ఘోరంగా కాలిపోయాడు. బ్రిటిష్ రైల్వే బోర్డు పాత వాదనే చేసింది: పిల్లవాడు అక్రమ ప్రవేశకుడు. ప్రభువుల సభ ఈసారి ఒప్పుకోలేదు. 1929 నాటి తన తీర్పును తానే పక్కకు నెట్టింది. పిలవకుండా వచ్చినవాడి పట్ల కూడా సాటి మనిషిగా చూపవలసిన కనీస మానవత్వం ఉంటుందన్నది. ఆ మానవత్వం ఎంత అన్నది యజమానికి ఎంత తెలుసు, ఎంత స్తోమతు ఉంది అన్న దాన్ని బట్టి తూచాలన్నది. 1984లో ఇది చట్టంగా మారింది. పెద్ద సంస్థ, బాట పడిందని తెలుసు, కొంచెం తీగతో పోయే పని. ఇంత స్పష్టమైన సంగతి ఒప్పుకోవడానికి రైలుమార్గాలు మొదలైన నాటినుంచి 142 ఏళ్ళు పట్టింది.

ఇక మన దేశానికి వస్తాను. మద్రాసు నుంచి కడప, గుంతకల్లుల మీదుగా రాయచూరు చేరిన లైను 1871లో పూర్తయింది. వాడి–సికింద్రాబాద్ లైను 1874లో వచ్చింది. ఈ లైన్లు ఊళ్ళు లేని ఎడారిలో వేసినవి కావు. పొలం అటు పడింది, ఊరు ఇటు పడింది. చెరువు అటు, వాడ ఇటు. పట్టాలకన్నా కాలిబాట పాతది. ఈనాటికీ ప్యాసింజరు బండి కిటికీలోంచి చూస్తే కంకర కట్టను అడ్డంగా ఎక్కి దిగే ఆ బాటలు కనిపిస్తూనే ఉంటాయి. మరి చట్టం ఈ బాటలను ఏం చేసింది?

1890 నాటి రైల్వే చట్టం చూడండి. 122వ సెక్షన్ రైల్వే నేల మీదికి చట్టవిరుద్ధంగా వచ్చినవాడికి 20 రూపాయలదాకా జరిమానా అన్నది. పొమ్మన్నా పోకపోతే 50. 2024 దాకా అమలులో ఉన్న భారత శిక్షాస్మృతి 441వ సెక్షన్ ప్రకారం అక్రమ ప్రవేశం నేరం కావాలంటే దురుద్దేశం ఉండవలసి ఉండేది. నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో రావలసి ఉండేది. రైల్వే చట్టానికి ఆ పట్టింపు లేదు. గడ్డిమోపుతో అడ్డంగా నడిచిన ముసలమ్మ కూడా నేరస్థురాలే. సరే, కంచె సంగతి? ఇంగ్లండులో 1845 చట్టం కంపెనీలు పక్క భూముల రక్షణకు కంచె వేసి తీరాలన్నది. మన చట్టం 13వ సెక్షన్, కంచెలు గేట్లు పెట్టమని ప్రభుత్వం రైల్వేను అడగవచ్చు అన్నది. తీరాలి, వచ్చు. ఈ రెండు క్రియారూపాల మధ్యనే రాజ్యమేలే దేశానికీ ఏలబడే దేశానికీ ఉన్న దూరం ఉంది. పాత బాటల కోసం దారులు కట్టించే బాధ్యత పెట్టారు కాని, అది భూమి సొంతదార్లకూ అనుభవదార్లకూ. అదీ లైను తెరిచిన పదేళ్ళ లోపు. తర్వాత కావాలంటే, ప్రభుత్వం ప్రత్యేకంగా అడిగితే తప్ప, ఆ ఖర్చు రైల్వే నెత్తిన పడదు. పొలం లేనివాడు, పొలానికి కూలికి పోయేవాడు, పదకొండో ఏట గుడిసె వేసుకున్నవాడు ఈ లెక్కలో ఎక్కడా రాడు.

ఇదే చట్టంలో 125వ సెక్షన్ నన్ను చాలాసేపు ఆపింది. అది పశువుల గురించి. పశువు పట్టాల మీదికి వస్తే దాని యజమానికి తలకు 5 రూపాయలదాకా జరిమానా. అయితే ఒక షరతు: పశువులు చొరబడకుండా ఆపగల కంచె ఆ లైనుకు ఉంటేనే. అంటే, గొడ్డు కంచెలేని చోట పట్టాలెక్కితే తప్పు గొడ్డుకాపరిది కాదని 1890లోనే తెల్లదొరలకు తట్టింది. 122వ సెక్షన్‌లో మనిషికి ఆ షరతు లేదు. గొడ్డుకు దొరికిన సందేహలాభం గొడ్డు వెనక నడిచేవాడికి దొరకలేదు.

స్వాతంత్ర్యం తర్వాత నలభై రెండేళ్ళకు, 1989లో, కొత్త రైల్వే చట్టం వచ్చింది. 'వచ్చు' అన్న క్రియ 18వ సెక్షన్‌గా అలాగే వచ్చి చేరింది. పదేళ్ళ గడువూ మారలేదు. 122 పోయి 147 వచ్చింది. శిక్ష మాత్రం పెరిగింది: ఆరు నెలల జైలు, లేదా 1000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 1994లో ఒక మంచి సవరణ జరిగింది. ప్రయాణికుడు రైలు నుంచి ప్రమాదవశాత్తు పడి చనిపోతే, తప్పు ఎవరిదని చూడకుండా పరిహారం ఇవ్వాలని 124-ఎ సెక్షన్ చేర్చారు. 2017 నుంచి మరణానికి ఆ మొత్తం 8 లక్షలు. కాని ఎవరు ప్రయాణికుడు? చెల్లే టికెట్టో పాసో ఉన్నవాడు. ఇప్పుడు పట్టాల పక్క దొరికిన శవాన్ని ఊహించండి. కిక్కిరిసిన పెట్టె గుమ్మంలోంచి జారి పడ్డాడా, పట్టాలు దాటుతున్నాడా? మొదటిదైతే 8 లక్షలు, రెండోదైతే చచ్చినవాడే నేరస్థుడు. జేబులో టికెట్టు ఉంటే ఒక మనిషి, లేకపోతే మరో మనిషి. జేబే చిరిగిపోతే? 2018లో సుప్రీంకోర్టు, టికెట్టు దొరకనంత మాత్రాన దావా కొట్టేయకూడదనీ, శవం రైల్వే నేల మీద దొరికినంత మాత్రాన ప్రయాణికుడని నిర్ధారించనూ కూడదనీ చెప్పవలసి వచ్చింది. కుటుంబం ప్రమాణపత్రం వేస్తే రుజువు భారం రైల్వే మీదికి మారుతుంది. ఇలాంటి దావాలెన్నిట్లోనో ఆ కాగితం మీద సంతకమో వేలిముద్రో వేయవలసినది భార్య. భర్త ఏ బండి ఎక్కాడో ఆమెకు తెలిసి ఉండాలి.

'వచ్చు' అన్న క్రియను కోర్టు ఒకసారి నిలదీసింది. 1979లో కేరళలో కాపలా లేని లెవెల్ క్రాసింగు దగ్గర జనంతో నిండిన బండిని రైలు ఢీకొన్న కేసు 1997లో సుప్రీంకోర్టులో తేలింది. అధికారం ఉండి గేటు పెట్టించకపోవడం అహేతుకమని, రైల్వే బాధ్యత వహించవలసిందేనని కోర్టు అన్నది. తీర్పు రాసిన జస్టిస్ జగన్నాధరావు తెలుగువారు. కాని అది రోడ్డు దాటే చోటు. చట్టం దారిగా ఒప్పుకున్న చోటు. కాలిబాటకు ఆ గౌరవం ఇంకా రాలేదు.

ఇంజను డ్రైవరును బోనెక్కించాలని నా వాదన కాదు. బరువైన గూడ్సు బండి ఆగడానికి సుమారు కిలోమీటరు కావాలి. హారన్ కొడుతూ, బ్రేకు వేసి, ఏమీ చేయలేక చూస్తూ కూర్చోవలసిన ఆ మనిషి కూడా కార్మికుడే. ఇద్దరు శ్రామికులను ఒకే గీత మీద ఎదురెదురుగా నిలబెట్టినవాడు మూడోవాడు ఒకడున్నాడు. వాడి పేరు ఏ వార్తలోనూ రాదు.

2020 మే 8 తెల్లవారుజామున నాటి ఔరంగాబాద్ జిల్లా కర్మాడ్ దగ్గర జరిగింది చూడండి. అది నిజాం హయాంలో వేసిన మన్మాడ్–సికింద్రాబాద్ లైను, సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణమధ్య రైల్వే అజమాయిషీలోది. జాల్నా ఉక్కు కర్మాగారంలో పనిచేసే మధ్యప్రదేశ్ కూలీలు లాక్‌డౌన్‌లో పని పోయి, భుసావల్ చేరితే బండి దొరుకుతుందని రాత్రంతా నడిచారు. పాసులకు దరఖాస్తు పెట్టుకున్నా జవాబు రాలేదని బతికినవాళ్ళు చెప్పారు. అలసి పట్టాల మీద పడుకున్నారు. ప్రయాణికుల బండ్లు మార్చి ఆఖరివారంలోనే ఆగిపోయాయి కనుక రైళ్ళు రావనుకున్నారు. గూడ్సు బండి వచ్చింది. 16 మంది పోయారు. మూటల్లోని రొట్టెలు పట్టాల మీద చెదిరి ఉన్న బొమ్మను దేశమంతా చూసింది. అంతకు సరిగ్గా వారం ముందు, మే 1న, దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది మన లింగంపల్లి నుంచే, సుమారు 1,200 మంది కూలీలతో జార్ఖండ్‌లోని హతియాకు. వాళ్ళూ కూలీలే, వీళ్ళూ కూలీలే. వాళ్ళు ఆ వారం ప్రయాణికులయ్యారు, వీళ్ళు అక్రమ ప్రవేశకులయ్యారు. మే 15న ఈ విషయం సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, పట్టాల మీద పడుకునేవాళ్ళను ఎవరు ఆపగలరని ధర్మాసనం ప్రశ్నించింది. మనుషులు పట్టాల మీదికి ఎలా చేరారన్న ప్రశ్న ఆ పూట ఎవరి వంతుకూ రాలేదు.

రచయితలుగా మన వాటా గురించి కూడా కొంచెం చెప్పాలి. కథలో పాత్రను వదిలించుకోవడానికి రైలు పట్టాలను మించిన సులువైన సాధనం మనకు దొరకలేదు. ముగింపు తోచకపోతే బండి కూత వినిపిస్తుంది. టాల్‌స్టాయ్ 'అన్నా కరెనినా'లో కథానాయిక చావు అందరికీ గుర్తుంటుంది. నవల మొదట్లో మాస్కో స్టేషన్‌లో బండి కింద నలిగిపోయిన కాపలావాడు ఎందరికి గుర్తు? అతని భార్యకు వ్రాన్‌స్కీ 200 రూబుళ్ళు ఇస్తాడు. ఆ దానం అన్నా కంట పడాలనే కోరిక అందులో లేకపోలేదని టాల్‌స్టాయ్ మనకు తెలియనిస్తాడు. ఆ కాపలావాడు ఎవరు, ఎందుకు తప్పుకోలేకపోయాడు అని అంతటి రచయితా ఎక్కువసేపు ఆగలేదు. తాగి ఉన్నాడో, చలికి చెవులకు గుడ్డ కట్టుకుని వినలేదో అని ఒక వాక్యంతో వదిలేశాడు. మన నాలుగు పంక్తుల వార్తకన్నా అది చాలా నయం. ఆ చెవులకు చుట్టిన గుడ్డ దగ్గర ఒక కథ మొదలుపెట్టదగినవాళ్ళు మనలో ఉన్నారని నాకు నమ్మకం.

అనిల్ కాకోద్కర్ నాయకత్వంలోని రైల్వే భద్రతా సమీక్షా సంఘం 2012లో ఈ చావులను లెక్కగట్టింది. ఏటా దాదాపు 15,000 మంది, అందులో ఒక్క ముంబయి లోకల్ లైన్లలోనే సుమారు 6,000. రైలు ప్రమాదాల నిర్వచనంలోకి రావు కనుక రైల్వే వీటిని తనవిగా ఒప్పుకోవడం లేదని, నాగరిక సమాజం సహించదగిన సంగతి కాదని ఆ సంఘం కటువుగానే రాసింది. బండ్లు చాలావరకు ఆగిపోయిన 2020లో కూడా పట్టాల మీద 8,700 మందికి పైగా చనిపోయారని సమాచార హక్కు కింద రైల్వే బోర్డే తెలిపింది. 2021 ఫిబ్రవరిలో బడ్జెట్ సందర్భంగా రైల్వే మంత్రి, గత 22 నెలల్లో రైలు ప్రమాదాల్లో ఒక్క ప్రయాణికుడూ మరణించలేదని ప్రకటించారు. లెక్క తప్పు కాదు. కర్మాడ్ దగ్గర చనిపోయిన 16 మంది దగ్గర టికెట్లు లేవు.